జొన్నకూడును పెల్లాగ్రా వ్యాధియు



ఈ సాయంకాలము మీతో జొన్నను గూర్చి నాలుగు మాటలు ముచ్చటింప దలచితిని. "మాకు తెలియని జొన్న యేమున్నది, పంతులుగారూ" అని మీరు నవ్వుకొనవచ్చును. నిజమే. ఖమ్మము మొదలు భద్రాచలము వరకు గల ఈ అడవియంచున పుట్టి పెరిగిన మనకు పచ్చజొన్నయు మాఘిజొన్నయు తల్లిపాల తరువాతి పాలు. నేను చెప్పబోవునది పంటను గూర్చి కాదు. ఆ గింజనే నమ్ముకొని బ్రతికిన పేదలలో కొందరికి ఒకప్పుడు చర్మము నల్లబడి, కడుపు చెడి, కడపట మతి తప్పెడిది. అది యేల కలుగునో తెలిసికొనుటకు లోకమునకు రెండువందల యేండ్లకు పైగా పట్టినది. ఆ కథలోని యొక ముఖ్యమైన యధ్యాయము మన హైదరాబాదులోనే జరిగినది. దానిని చెప్పుటకు నాకు స్వంత ఋణ మొకటి గూడ కలదు. ముందు దానిని చెప్పి ముగింతును.

అది 1972వ సంవత్సరము, వానలు ముఖము చాటుచేసిన యేడు. నాకు పండ్రెండు పదమూడేండ్ల ప్రాయము. మా వెనుక వీధిలో ఒక పాలేరు కాపురముండెను. పేరు చెప్పను; ఆయన సంతతివారు ఇప్పటికిని మా యూర నున్నారు. ఏటేట చైత్రమాసము వచ్చుసరికి ఆయన ముంజేతుల పైభాగమును, మీగాళ్ళును, మెడచుట్టును నల్లబడి, పొలుసులు రేగి, కాలిన తోలువలె పగిలెడివి. బట్ట కప్పినచోట మాత్రము చర్మము నున్నగనే యుండెడిది. నాలుక ఎర్రబారి, కారము తగిలిన అల్లాడిపోయెడివాడు. ఆ యేడు విరేచనములు పట్టినవి. పిమ్మట నిద్ర తొలగినది. రాత్రులు తనలో తాను మాటాడుకొనుచు వీధులు తిరిగెను. ఒకనాడు తాను తోలుకొని వచ్చిన యెద్దులను తానే గుర్తింపలేదు. ఊరు దయ్యమనినది. వేపమండలతో కొట్టువారు కొట్టిరి. మేము పిల్లలము వెంటబడి రాళ్ళు రువ్వితిమి. ఆ రాళ్ళలో నా చేతి రాళ్ళును గలవు.

ఒక పట్టణపు వైద్యుడు కుష్ఠమేమో యని సందేహించి పూతమందిచ్చి పంపెను. తరువాత ఎవరో పుణ్యాత్ములు ఆయనను హైదరాబాదునకు తీసికొనిపోయిరి. నెల తిరుగకమునుపే తిరిగివచ్చెను. చేతులపై కొత్తతోలు వచ్చియుండెను. నన్ను చూచి, "ఏమయ్యా చిన్నపంతులూ, బడికి పోలేదా?" అని నవ్వెను. అంతకు నెలదినములకు ముందు నే నెవరినో ఆయన యెరుగడు. వెంట తెచ్చుకొన్న గోళీలు వానకాలమునాటికి ముగిసినవి. కుండలో మాత్రము ఎప్పటి జొన్నగట్కయే, దానిపై ఎప్పటి గొడ్డుకారమే. మరుసటి చైత్రమున మెడ మరల నల్లబడినది. మూడవ వేసవిని ఆయన దాటలేదు.

ఆ రోగము పేరు పెల్లాగ్రా యని నాకు తెలియుటకు మరి యిరువదియేండ్లు పట్టెను. బడిలో తెలుగు చెప్పుకొను నేను ఒక పోషకాహార పుస్తకము తిరుగవేయుచు అందలి పటమును చూచితిని. అవే చేతులు, అదే మెడ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుండి దొరికినంతవరకు దీని చరిత్రను చదువుచు వచ్చితిని.

ఈ వ్యాధిని మొదట వర్ణించి వ్రాసినవాడు స్పెయిను దేశపు గాస్పార్ కాసల్ అను వైద్యుడు. ఆస్టూరియస్ అను కొండసీమలోని పేదరైతులయందు 1735లో దీనిని గుర్తించెను. అచ్చటివారు గులాబిజాడ్య మనుచుండిరట. ఆయన గ్రంథము ఆయన గతించిన పిమ్మట 1762లో వెలువడినది. మెడచుట్టు ఏర్పడు నల్లని పట్టెను వైద్యులు నేటికిని కాసల్ కంఠహారమనియే పిలుతురు. 1771లో ఇటలీ దేశపు ఫ్రాపొల్లి దీనికి పెల్లాగ్రా యను పేరు పెట్టెను. మోటుబారిన తోలు అని దాని యర్థము. రెండుతావుల పేదల కూడు మొక్కజొన్నయే. ఆ గింజ అమెరికా ఖండమునుండి వచ్చినది. ఆ ఖండమున మెక్సికో మొదలగు సీమలవారు దానిని సున్నపునీట నానవేసి ఉడికించి, కడిగి, రుబ్బి తినెడివారు. అట్లు చేసినచో గింజలో బిగిసియున్న సత్తువ విడివడి ఒంటబట్టునని యిప్పటి శాస్త్రము. ఐరోపావారు గింజను తెచ్చుకొనిరి గాని వంటను తెచ్చుకొనరైరి.

బూజు పట్టిన గింజలోని విషమని కొందరు, అంటురోగమని కొందరు నూరేండ్లకు పైగా వాదించుకొనిరి. 1900 తరువాత అమెరికా దేశపు దక్షిణ రాష్ట్రములలో ఈ రోగము వేలకొలది జనమును పట్టి పీడించినది. అప్పుడు 1914లో ఆ ప్రభుత్వము జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అను వైద్యుని నియమించెను. ఈయన చేసిన మొదటి పని సూక్ష్మదర్శినిలో చూచుట కాదు, పిచ్చియాసుపత్రులకును అనాథశాలలకును పోయి ఊరక చూచుచు నిలుచుండుట. రోగులకు పెల్లాగ్రా వచ్చుచున్నది. వారిని రేయింబవలు తాకి సేవచేయు పరిచారకులలో ఒక్కనికిని రాదు. అంటురోగమైనచో పరిచారకుని యెందులకు విడిచిపెట్టును? అందరుండునది ఒకే కప్పు క్రింద, కాని తినునది వేరు. ఆయన రెండు అనాథశాలల పిల్లలకు పాలు, గ్రుడ్లు, మాంసము, చిక్కుడుజాతి గింజలు పెట్టించెను. రోగము మాయమయ్యెను.

అయినను లోకము నమ్మలేదు. 1915లో మిసిసిపి రాష్ట్రపు చెరసాల పొలమున పదునొకండుగురు ఖైదీలు, విడుదల చేయుదు మన్న మాటమీద, ఆయన పెట్టిన తిండి తినుట కొప్పుకొనిరి. మొక్కజొన్న, బియ్యము, చిలగడదుంప, బెల్లపుపాకము వంటి పేదతిండియే. పాలు మాంసములు లేవు. కొన్ని నెలలలో ఆరుగురికి పెల్లాగ్రా చిహ్నములు కనబడినవి. ప్రతిపక్షులు అప్పటికిని అంటురోగమే యనిరి. అంతట 1916లో గోల్డ్‌బర్గరును ఆయన మిత్రులును రోగుల నెత్తురును తమ యొంటిలోనికి సూదితో ఎక్కించుకొనిరి. రోగుల పొలుసులను, చెప్పరాని మలినములను గూడ గుళికలు కట్టి మ్రింగిరి. ఆయన భార్యయు నెత్తురు ఎక్కించుకొనెను. ఒక్కరికిని రోగము రాలేదు. ఆ యిల్లాలి ధైర్యమును తలచుకొన్నప్పుడెల్ల నాకు ఒడలు గగుర్పొడుచును. ఈస్టు అను పులుపుపిండి చౌకగా దొరకు మందని ఆయన కనుగొనెను. 1927లో మిసిసిపి నది వరదలు వచ్చినపుడు దానినే బాధితులకు పంచిరి. కాని తిండిలో లోపించిన ఆ వస్తు వేదియో తెలియకయే 1929లో ఆయన కన్నుమూసెను.

ఇచ్చట కొంచెము శాస్త్రము చెప్పక తప్పదు. పప్పు, మాంసము, పాలు, గింజలు — వీనియందలి కండపెంచు పదార్థమును మాంసకృత్తు లందురు. మాటలు అక్షరములచే నేర్పడినట్లు మాంసకృత్తులు అమైనో ఆమ్లములను ఇరువది అక్షరములచే నేర్పడును. వానిలో తొమ్మిదింటిని మన శరీరము తనంత తాను చేసికొనలేదు, తిండినుండియే రావలయును. అట్టివానిలో ట్రిప్టోఫాన్ ఒకటి. ఇంగ్లాండులో హాప్‌కిన్స్ అను పండితుడు 1901లో దీనిని వేరుచేసెను. ల్యూసిన్ మరియొకటి. ఈ రెండుపేర్లు జ్ఞాపకముంచుకొనుడు. కథయంతయు వీని నడుమనే నడచును.

1937లో అమెరికాలో ఎల్వెజెం అను శాస్త్రజ్ఞుడు కుక్కలకు వచ్చు నల్లనాలుక రోగమును, మనుష్యుల పెల్లాగ్రావంటి దానిని, నికోటినిక్ ఆమ్లముతో కుదిర్చెను. వెంటనే మనుష్యులకును అది పనిచేసినది. మతిచెడి మంచమునకు కట్టబడియున్నవారు కొలది దినములలో తేరుకొని బంధువులను పేరుపెట్టి పిలిచిరట. ఆ యామ్లము పొగాకులోని నికోటిన్ నుండి రసాయనశాలలో చేయదగినది గనుక దానికా పేరు. పొగాకు పండించు మన ఖమ్మమువారు చుట్ట కాల్చిన పెల్లాగ్రా రాదని సంతసింపరాదు. పొగలో ఆ గుణము లేదు. ఇట్టి పొరపాటు కలుగకుండుటకే తరువాత దానికి నయాసిన్ అని వేరుపేరు పెట్టిరి. మన యొంటిలో తిన్నది శక్తిగా మారుటకు నయాసిన్ లేక పనిజరుగదు. ఎప్పటికప్పుడు కొత్తపొర వేసికొను చర్మమును, ప్రేగులును, క్షణమైన విశ్రాంతి యెరుగని మెదడును ముందుగా దెబ్బతినును. మా పాలేరునకు చైత్రముననే మెడ నల్లబడుటకు కారణము గూడ ఇదియే: సత్తువలేని చర్మము ఎండను ఓర్వలేదు.

అంతటితో ముడి విడినదని యనుకొనిరి. విడలేదు. పాలలో నయాసిన్ బహుస్వల్పము. అయినను పాలు త్రాగినవారికి పెల్లాగ్రా కుదురుచుండెను. ఇదెట్లు? 1945లో ఎల్వెజెం శాలయందే క్రెల్ మొదలగువారు దీనిని విప్పిరి. ఆ వ్రాతపై శర్మ యను మన దేశీయుని పేరును గలదు. ట్రిప్టోఫాన్ పెట్టినచో నయాసిన్ లోపము తీరుచున్నదని వారు చూపిరి. అనగా మన శరీరము ట్రిప్టోఫాన్‌ను కరగించి నయాసిన్ చేసికొనగలదు. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌కు ఒక మిల్లీగ్రాము నయాసిన్ అని తరువాత లెక్క కట్టిరి. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ మిక్కిలి తక్కువ. ఐరోపా, అమెరికాల కథకు ఇది సరిపోయినది.

మన కథకు సరిపోలేదు. మా పాలేరు మొక్కజొన్న యెరుగడు. నేడు మన చేలలో కోళ్ళదాణా కొరకు విస్తారముగా పండు ఆ పంట ఆనాడు మా యూర పెరటి కంకులకే పరిమితము. ఆయన తినినది జొన్న. జొన్నలో నయాసిన్ బియ్యములో కంటె తక్కువ కాదు; ట్రిప్టోఫానును మొక్కజొన్నలో వలె అంత హీనము కాదు. గోదావరికి దిగువ సర్కారు జిల్లాలలో బియ్యము తిను పేదలకు బెరిబెరి వచ్చినది గాని పెల్లాగ్రా వచ్చినట్లు వినము. మరి తెలంగాణపు జొన్నకూటివారికే యిది యెందులకు?

ఈ ప్రశ్నకు బదులు వెదకినవారిని గూర్చి చెప్పెదను. 1918లో నీలగిరి కొండలపై కూనూరులో ఒకే గదిలో బెరిబెరి పరిశోధనకై మెక్‌కారిసన్ అను దొర ప్రారంభించిన చిన్న శాల క్రమముగా పోషకాహార పరిశోధనాలయమై, 1958లో హైదరాబాదునకు తరలి వచ్చినది. నేడది జాతీయ పోషకాహార సంస్థ. దానితో వచ్చినవారిలో వైద్యుడు కొలుతూర్ గోపాలన్ ఒకరు. 1918లోనే పుట్టి, నూరేండ్లు నిండి, 2019లో గతించిన మహనీయుడు. కూనూరు చలికొండలనుండి దక్కను పీఠభూమికి దిగిన ఆయనకు ఇక్కడి వైద్యశాలలలో కంటబడిన దేమి? హైదరాబాదు సాధారణ వైద్యశాలలో చేరువారిలో నూటికొకరు, మానసిక వైద్యశాలలో కొన్ని ఋతువులందు నూటికి 8 మొదలు 10 మంది పెల్లాగ్రా రోగులే యని ఆయనయు సహచరులును వ్రాసిరి. ఎంతమంది దయ్యము పట్టినవారుగా ఊళ్ళలోనే యుండిపోయిరో ఆ లెక్కలో లేదు.

1960లో గోపాలనును శ్రీకంఠయ్యయు లాన్సెట్ అను ప్రసిద్ధ వైద్యపత్రికలో తమ యూహను ప్రకటించిరి. జొన్నలో లోపించినదానిని గాక, జొన్నలో మిక్కుటమైనదానిని చూడు మనిరి. జొన్న మాంసకృత్తులో ల్యూసిన్ నూటికి 12 పాళ్ళకు పైబడి యుండుట సామాన్యము. బియ్యపు మాంసకృత్తులో సుమారు 8 పాళ్ళే. ల్యూసిన్ విషము కాదు, అది లేక కండ లేదు. కాని మితిమీరిన ల్యూసిన్ ట్రిప్టోఫాన్ నయాసినుగా మారు దారికి అడ్డు తగులునని వారి వాదము. వైరా చెరువునో పాలేరు చెరువునో తలచుకొనుడు. చెరువున నీరు అంతంతమాత్రమే గలదు. పైగా తూమునకు చెత్త అడ్డుపడినది. నీరు బొత్తిగా లేకపోలేదు, తూము బొత్తిగా మూయబడనులేదు, అయినను చివరిమడి యెండును. జొన్నగట్క, గొడ్డుకారము తప్ప మరేమియు లేని పాలేరు ఆ చివరిమడి.

తరువాత పదియేండ్లు ఈ శాలవారు పనిచేసిరి. 1969లో కుక్కపిల్లలకు ల్యూసిన్ పెట్టి నల్లనాలుక తెప్పించి చూపిరి. ఐసోల్యూసిన్ అను దాని చుట్టమును గూడ పెట్టినచో ఆ కీడు తగ్గుననిరి. బి6 విటమినునకును ఇందు భాగము గలదని తేలినది. ల్యూసిన్ తక్కువగా గల జొన్నరకములను ఏరి, వానిని తినిన కుక్కలకు రోగము రాదని చూపిరి. ఒక్క మాట దాచక చెప్పవలెను. విదేశములలో కొందరు ఎలుకలపై చేసిన పరీక్షలలో ఇట్లు కనబడలేదనిరి. జొన్నలోను నయాసిన్ కొంత బిగిసియుండి ఒంటబట్టదని మరికొందరు చూపిరి. కావున ల్యూసిన్ ఒక్కటియే నేరస్థుడని తీర్పు చెప్పుటకు వీలులేదు. నేను శాస్త్రజ్ఞుడను గాను; వ్యాకరణము చదివినవాడను. ఒక రూపమునకు రెండు సూత్రములు కలిసి పనిచేయుట వ్యాకరణమున గలదు. ఒంటిలోను ఉండవచ్చునని నా తలంపు. అన్నిపక్షములవారును ఒప్పుకొనిన విషయ మొకటి గలదు: అదే జొన్నతో పాటు పప్పో, పాలో, చేపయో, మాంసమో తినిన గృహస్థునకు పెల్లాగ్రా రాలేదు. ఆ పాలేరు కూలిచేసిన యింట పచ్చజొన్నరొట్టె ప్రతిదినము చేసెడివారు. వెంట వెన్నయు, కందిపప్పును ఉండెడివి. అది మా యిల్లే.

మరి కోయవారి మాట యేమని మీలో కొందరడుగుదురు. వారును జొన్న తినినవారే గదా. నాకు తెలిసినంతలో అడవిలోపలి కోయవాని కుండలో జొన్న యొక్కటియే యుండెడిది కాదు. ఇప్పపూవు, జీలుగు, గడ్డలు, చింతగింజ, కిన్నెరసాని చేప, వేటమాంసము కాలమునుబట్టి మారుచుండెడివి. అడవి మూసికొని, పొలము తనది గాక, కూలిగింజనే నమ్ముకొనిన అంచువారికి ఆ మార్పు లేదు. ఇది నేను చూచినదానినిబట్టి చెప్పు మాటయే గాని లెక్కలు కట్టినది గాదు.

రోగ మెట్లు పోయినదో వినుడు. మందులవలన గాదు. 1983లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యము ఇచ్చుట మొదలిడినది. జొన్నకుండలు అటక కెక్కినవి. 1990 నాటికి నగర వైద్యశాలలలో జొన్నకూటి పెల్లాగ్రా అరుదైనది. ఎవరును దానిపై దండయాత్ర చేయలేదు. గింజ మారినది, రోగము తొలగినది. అయితే బియ్యమొక్కటియే తిని పప్పు కూరలు లేకున్న రక్తహీనత మొదలగునవి తమ వాటా పుచ్చుకొనుచునే యున్నవి.

ఇప్పుడు మరల జొన్న వచ్చినది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. చక్కెరవ్యాధి గలవారు రాత్రి అన్నము మాని జొన్నరొట్టె తినుచున్నారు. ఒకప్పుడు పాలేరునకు కూలిగా కొలిచిన గింజ నేడు సన్నబియ్యముతో సరితూగు ధరకు అమ్ముడుపోవుచున్నది. దీనిని విని భయపడి జొన్న మానవలదు. పప్పు, పెరుగు, వేరుశనగపలుకులు పళ్ళెములో ఉన్నంతవరకు భయము లేదు. వేరుశనగలో నయాసినును, మాంసకృత్తును రెండును గలవు. భయపడవలసినవారు వేరే యున్నారు. అన్నము మాని సారాకు మరగినవారిలో పెల్లాగ్రా నేటికిని కనబడును. క్షయకు ఐసోనియాజిడ్ అను మందు నెలల తరబడి మ్రింగుచు సరిగా తినని వారికిని రావచ్చును. మీ యూర ఎవని మెడయైన ఎండకాలమున పట్టెకట్టినట్లు నల్లబడి, విరేచనములు పట్టి, మాట తడబడినచో, వేపమండ విరువకమునుపు ఆసుపత్రికి తీసికొనిపొండు. వైద్యుడు మరచినచో మీరే పేరు చెప్పుడు: పెల్లాగ్రా. మందు ఖరీదు స్వల్పము. గోళీలు ముగిసిన పిమ్మట కుండలో నేమున్నదో గూడ పోయి చూడుడు.

ఋణము సంగతి చెప్పెద నంటిని. పోయిన సంక్రాంతికి ఆ పాలేరు మనుమరాలు మా యింటికి జొన్నరొట్టెలు తెచ్చినది. వెంట గిన్నెలో గోంగూరపప్పు. ఆమె నా శిష్యురాలు; ఇప్పుడు అంగన్‌వాడిలో పిల్లలకు అన్నము పెట్టుచున్నది. తాతకు దయ్యము పట్టి పోయినాడని ఆ యింట చెప్పుకొందురట. దయ్యము గాదమ్మా యని కూర్చుండబెట్టి, మీకిప్పుడు చెప్పినదంతయు ఆమెకు చెప్పితిని. రాళ్ళ సంగతియు చెప్పితిని. ఆమె చాలసేపు ఊరకుండి, "తాతకు మీరు బాగా గుర్తున్నారు సార్, నాయనమ్మ చెప్పేది" అనినది.